గుమ్మం బయట వదిలిన నాన్న

సిగ్గుపడ్డవాళ్ళు తల కొట్టేసినట్టయింది అంటుంటారు. మామూలు మనిషికైతే అది మాటవరసే. పొద్దున లేస్తే నలుగురి తలల మీద బతికే మనిషికి అలా అయితే మాత్రం ఆ తల పెట్టుకోవడానికి చోటు దొరకదు. పైగా దుకాణం నిండా అద్దాలు. సిగ్గుపడ్డ మొహాన్ని ఎటు తిప్పినా ఇంకో సిగ్గుపడ్డ మొహం ఎదురొచ్చి, "రండి, కూర్చోండి" అంటుంది.

ఆ మనిషి మా కత్తెర మాస్టరు. దుకాణంలో మగవాళ్ళ కుర్చీ ఆయనది, పరదా అవతల ఆడవాళ్ళ కుర్చీ కూతురిది. అమ్మాయి పనిమంతురాలు. కత్తిరింపు నేర్చుకుంది, తలంటు నేర్చుకుంది. రంగు కలపడం ఒక్కటే చేతికి రాలేదు, ఎందుకంటే తండ్రి చేతిలోంచి గిన్నె రాలేదు. ఏ గొట్టంలోది ఎంత, ఏ సీసాలోది ఎంత అన్నది ఆయన చేతికి తెలుసు, నోటికి తెలియదు. కూతురు అడిగితే, "చూసి నేర్చుకోవాలమ్మా, అడిగి కాదు" అనేవాడు. కోతలు కోయడం ఆ వృత్తిలో ఉన్నదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఇన్నేళ్ళు తలలు చూశాక ఆయనకు తలపుల మీదికి మనసు పోయింది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక తన కుర్చీలో తానే కూర్చున్నాడు. ముందు అద్దం, వెనక అద్దం. అందులో ఆయన, ఆయన వెనక ఆయన, ఆ వెనక ఇంకో ఆయన, చివరికి ఆవగింజంత ఆయన. ఇంతమందిలో నేనెవర్ని అని అనుమానం వచ్చింది. కొందరికి కడుపు నిండాక వేదాంతం పుడుతుంది, ఈయనకి కుర్చీ ఖాళీ అయ్యాక పుట్టింది. వేదాంతం అంటే వేదన అంతం అనుకున్నాడు పాపం. అసలు ఆరంభం ముందుంది.

ఎదురు మేడ మీద లెక్కల మేడం ఉండేది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, సెలవు రోజుల్లో సాయంత్రం పెద్దవాళ్ళకు జ్ఞానమార్గం చెప్పేది. యోగం అనగానే కాళ్ళు మెలిపెట్టడం అనుకుని వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకుని వెళ్ళిపోయారు. ఇక్కడ మెలిపెట్టేది బుర్రని.

"ఇది తీసివేత లెక్క" అనేది మేడం. "ఈ ఒళ్ళు నేనా? కాదు, దీన్ని నేను చూస్తున్నాను. కనపడేది చూసేవాడు కాలేదు. ఈ కోపం నేనా? కాదు, అది వచ్చి పోతోంది, నేను ఉన్నాను. నేతి, నేతి. ఇది కాదు, ఇది కాదు అని తీసుకుంటూ పోండి. తీయడానికి వీలుకానిది ఏదో అది మీరు."

"నేతి అంటే మా బేకరీకి పనికొచ్చేదేమో అనుకున్నాను మేడం" అన్నాడు బేకరీ బాబాయ్. ఆయన ఎవరికీ బాబాయ్ కాడు, అందరికీ బాబాయే.

"అన్నీ తీసేస్తే గుండు సున్నా మిగుల్తుందేమో మేడం" అన్నాడు కత్తెర మాస్టరు, వృత్తి వదులుకోలేక.

"సున్నా మిగిలిందని ఎవరికి తెలిసింది?" అంది మేడం.

గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికి మాస్టరు పడిపోయాడు. ఆ తర్వాత ఒక్క సెలవు రోజు కూడా మానలేదు.

మేడం దగ్గర ఒక పద్ధతి ఉండేది. గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఫోను వదలాలి, ఫోనుతో పాటు ఒక హోదా కూడా వదలాలి. పైకి చెప్పి మరీ వదలాలి. "బేకరీ యజమానిని ఇక్కడ వదిలాను" అనాలి, లోపలికి రావాలి. వెళ్ళేటప్పుడు మళ్ళీ తొడుక్కుని వెళ్ళాలి. చెప్పులు అప్పుడప్పుడు మారిపోయేవి గానీ హోదాలు మారలేదు. ఎవరూ పొరపాటున పక్కవాడి అత్తగారిని తొడుక్కుని వెళ్ళలేదు.

మాస్టరు ముందు కత్తెరని వదిలాడు. తర్వాత అల్లుణ్ణి వదిలాడు, అది సులువు. తర్వాత మొగుణ్ణి వదిలాడు. ఆ చివరిదాన్ని తిరిగి సరిగ్గా తొడుక్కోలేదని ఇంట్లో గొడవ.

"కూరగాయలు తెమ్మంటే, తెమ్మన్నది ఎవరిని అంటున్నాడు" అని ఆయన భార్య కూతురితో చెప్పుకుంది. "ఆత్మవిచారమట. ఇంట్లో నా విచారం ఎవరికీ పట్టలేదు."

"పోనీలే అమ్మా" అంది కూతురు. "ఇదివరకు పేకాటకి వెళ్ళేవాడు. ఇదే నయం."

తండ్రిని వెనకేసుకు రావడం ఆ పిల్లకు చిన్నప్పటి అలవాటు.

ఒక సెలవు రోజు సాయంత్రం సంగీతం టీచరు జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చింది. మర్నాడు ఆవిడకు కచేరీ. ఆవిడకు అన్ని రంగులూ పడవు. ఒకసారి చెవుల వెనక దద్దుర్లు లేచాయి, అప్పటినుంచి మాస్టరు ఆవిడకు వేరే మెత్తని రంగు కలిపేవాడు. ఆ సంగతి కూడా ఆయన చేతికే తెలుసు. ఆ రంగు ఆ వారం అయిపోయింది. కొత్త కంపెనీది వచ్చింది. కొత్తది వాడాలంటే ముందు చెవి వెనక చుక్క పెట్టి రెండ్రోజులు చూడాలి. ఇవి ఆ పనికి ఓనమాలు. కానీ ఎదురు మేడ మీద కిటికీ తెరుచుకుంది, బేకరీ బాబాయ్ మెట్లెక్కుతున్నాడు. మాస్టరు కొత్త గొట్టం పిండాడు, గబగబా కలిపాడు, గిన్నె కూతురి చేతికిచ్చాడు.

"రాసేయడమే" అన్నాడు.

"ఏం కలిపావు నాన్నా?"

"రాయి. నాకు ఆలస్యమవుతోంది."

మేడం గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఫోను బుట్టలో పెట్టి, "నాన్నని ఇక్కడ వదిలాను" అన్నాడు. చాలా రోజులుగా దాచుకున్న హోదా అది. అందరూ ఆయన వంక చూశారు. ఆ చూపు ఆయనకు బాగుంది. వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

కళ్ళు మూసుకుని కాసేపయిందో లేదో మెట్ల మీద అడుగులు వినిపించాయి. పరుగు. గుమ్మం ముందు ఆగింది. ధ్యానంలో కూర్చున్నప్పుడు బయటివాళ్ళు లోపలికి రాకూడదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

"నాన్నా."

మాస్టరు కదల్లేదు.

"నాన్నా, ఒక్కసారి రా. అర్జెంటు."

పిలిచింది ఎవర్ని? నాన్నని. నాన్న ఎక్కడున్నాడు? బయట, చెప్పుల దగ్గర. అయితే లోపల ఉన్న నాకేం సంబంధం? లెక్క చక్కగా కుదిరింది. ఇన్నాళ్ళకు తీసివేత శేషం లేకుండా వచ్చిందని ఆయన ఒళ్ళు పులకరించింది. ఒళ్ళు నాది కాదు అన్న సంగతి ఆ పులకరింతలో గుర్తు రాలేదు.

పక్కనున్న బేకరీ బాబాయ్ మోచేత్తో పొడిచాడు. "మాస్టారూ, మీ అమ్మాయి."

మాస్టరు కళ్ళు తెరవకుండా, చిన్నగా నవ్వి, గదిలో అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"ఎవరి అమ్మాయి?"

వెనక వరసలో ఎవరో మెచ్చుకోలుగా "ఊఁ" అన్నారు. తర్వాత అడుగులు కిందికి దిగాయి. వచ్చినంత వేగంగానే దిగాయి.

మేడం కళ్ళు తెరిచింది. "ఏమిటది? వెళ్ళి చూసి రండి."

ఇది పరీక్ష అనుకున్నాడు మాస్టరు. జ్ఞానమార్గంలో గురువులు ఇలాగే కదిలించి చూస్తారని ఆయన ఎక్కడో విన్నాడు. ఇంకా నిటారుగా కూర్చున్నాడు.

"పిలిచింది నాన్నని కదా మేడం. ఆయన బయటే ఉన్నాడు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేడం నవ్వలేదు. "చెప్పేది వినపడలేదా, వెళ్ళండి" అంది. అప్పటికి బేకరీ బాబాయ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"మీ షాపు ముందు జనం ఉన్నారు మాస్టారూ" అన్నాడు. "ఎవరినో బండి ఎక్కిస్తున్నారు. మొహానికి తువ్వాలు చుట్టి ఉంది."

మాస్టరు లేచాడు. మెచ్చుకున్నవాళ్ళందరూ ఇప్పుడూ ఆయన వంకే చూస్తున్నారు. వాళ్ళ మధ్యనుంచి గుమ్మం దాకా నడవడం ఆయన బతుకులో చాలా పెద్ద నడక.

కిందికి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. దుకాణంలో కుళాయి కారుతూనే ఉంది. తొట్టి అంతా నల్లరంగు, నేల మీద నల్ల తువ్వాళ్ళు. కలిపిన గిన్నె బోర్లాపడి ఉంది. కొత్త గొట్టం అట్టపెట్టె ఆయన జేబులోనే ఉంది, పారేయబోయి మరిచిపోయాడు.

పక్క షాపులో తాళాలు బాగుచేసే ముసలాయన చెప్పాడు. "సంగీతం టీచరమ్మ కళ్ళు వాచిపోయాయయ్యా. మంట, మంట అని ఒకటే గోల. మీ అమ్మాయే తల కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నీకోసం పైకి పరిగెత్తిందిగా?"

మాస్టరు వంగి నేల మీది తువ్వాలు ఒకటి తీశాడు.

"కిందికొచ్చి, నాన్న ఊళ్ళో లేడు అని చెప్పింది అందరికీ" అన్నాడు ముసలాయన, ఆయన మొహంలోకి చూస్తూ. "నేనేదో పొరబడ్డాననుకున్నా. ఇందాకే కదా నువ్వు మెట్లెక్కావు."

కుళాయి కట్టేస్తూ తల ఎత్తాడు మాస్టరు. ఎదురుగా అద్దం. తల దించాడు. పక్క అద్దంలో తల దించినవాడు కనిపించాడు.

ఆసుపత్రి వీధి చివర. వరండా మలుపు తిరగబోతూ గొంతులు విని ఆగాడు.

"రేపు కచేరీ పెట్టుకుని ఇదేం పనమ్మా?" సంగీతం టీచరు భర్త గొంతు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు వరండా అంతా వినిపించేలా మాట్లాడుతున్నాడు. "ఆవిడకి పడదని మీ నాన్నకి తెలుసు కదా. ఎక్కడాయన?"

"ఊళ్ళో లేరండి."

"మరి కలిపిందెవరు?"

ఆ పిల్ల చెప్పింది. "నేనేనండి."

"రాని పని ఎందుకు చేస్తావు? నీకేమైనా తెలుసా అసలు? డాక్టరు ఏం కలిపారని అడుగుతుంటే నోట మాట రాదే?"

"తప్పయిందండి."

మాస్టరు మలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంకో రెండడుగులు వేస్తే వాళ్ళ ముందు ఉంటాడు. వేస్తే పిల్ల అబద్ధం బయటపడుతుంది. ఆ మాట మనసులోకి రాగానే ఆయనకు ఊరట కలిగింది, కూతురి పరువు కోసమే ఆగుతున్నాననిపించింది. ఇలాంటి సాకులు వెతకడంలో మనసుకున్నంత పనితనం ఏ కత్తెరకీ లేదు, వెంట్రుకవాసి సందు దొరికితే చాలు.

చుట్టూ తిరిగి నర్సు కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి అట్టపెట్టె తీసి పెట్టాడు.

"రంగు పడక వచ్చిన ఆవిడ ఉన్నారు కదండీ. వాడింది ఇదీ అని డాక్టరు గారికి చెప్పండి."

"మీరెవరు?" అంది నర్సు, రాసుకోవడానికి పెన్ను తీసి.

ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడు ఆ ప్రశ్న ముందు. ఎన్ని రకాల జవాబులు తీసేశాడు. ఇప్పుడు అడిగింది మేడం కాదు, పనిలో తొందరగా ఉన్న నర్సు. ఆవిడకు ఒక్క మాట చాలు.

"షాపులో పనిచేస్తానండి" అన్నాడు.

నర్సు అదే రాసుకుంది.

ఇంటికి నేరుగా వెళ్ళలేకపోయాడు. వీధుల్లో తిరిగాడు. తిరుగుతుంటే మేడం నేర్పిన లెక్క దానంతట అదే మొదలైంది. ఆపుదామన్నా ఆగలేదు. పిలుపు వినపడింది ఎవరికి? చెవులకి. చెవులు నేను కాదు. అర్జెంటు అన్న మాట అర్థమైంది ఎవరికి? బుద్ధికి. సరే, అదీ కాదు. మరి "ఎవరి అమ్మాయి" అన్నది ఎవరు? ఆ మాట అనబోయే ముందు, వెనక వరసలో వాళ్ళు వింటున్నారా లేదా అని చూసుకున్నది ఎవరు? నర్సు ముందు "షాపులో పనిచేస్తా" అని తప్పించుకున్నది ఎవరు?

వాడు తీసివేతకు లొంగలేదు. ఒళ్ళు తీసేసినా ఉన్నాడు, మనసు తీసేసినా మూల నక్కి ఉన్నాడు. ఇన్నాళ్ళూ వెతికిన "నేను" ఇదా అని చూశాడు మాస్టరు. చిన్నవాడు. మెప్పు కోసం మెడ చాచుకుని కూర్చున్నవాడు. గుమ్మం బయట విప్పాల్సింది వీణ్ణి. వీణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి నాన్నని బయట చెప్పుల మధ్య వదిలేశాడు. తన రంగు తనకే బయటపడ్డాక ఆయనకు ఏ రంగు కలపాలో తెలియలేదు.

మేడం చెప్పినవాడు వీడి వెనక ఎక్కడో ఉండే ఉంటాడు. వీణ్ణి చూస్తున్నవాడు ఉండాలి కదా, లేకపోతే ఇంత సిగ్గు ఎవరికి వేస్తోంది? కానీ అంతదూరం వెళ్ళే ఓపిక ఆయనకు లేదు. వీడి దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి.

ఇంట్లో భార్య పనినుంచి వచ్చి ఉంది. కూతురు ముందే వచ్చి, ఇంజక్షన్ ఇచ్చారు, వాపు రేపటికి తగ్గుతుందట అని చెప్పి పడుకుంది. అంతే చెప్పింది. మేడ మీదికి వెళ్ళిన సంగతి తల్లికి చెప్పలేదు.

"పిల్ల ఒక్కతే అవస్థపడిందట" అంది భార్య, అన్నం వడ్డిస్తూ. "నీకు తెలియనే లేదా?"

మాస్టరు తల కంచం మీదికి వంచి అన్నం కలిపాడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి కూతురు ముందే వచ్చి తొట్టి తోముతోంది. నల్లమరక ఒకటి పోవడం లేదు. ఆయన బ్రష్షు అందుకోబోతే, "నేను చేస్తాలే" అంది. మాస్టరు దువ్వెనలు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు.

"నిన్న నీకు వినపడి ఉండదు నాన్నా" అంది కూతురు, తల ఎత్తకుండా. "అక్కడ ఫ్యాను చప్పుడు ఎక్కువ కదా."

ఆయన చేతిలో దువ్వెన ఆగిపోయింది. సాకు ఎంత చక్కగా తెచ్చి ఇచ్చింది. చెయ్యి చాచి అందుకోవడమే. అవునమ్మా, ఫ్యాను చప్పుడు అంటే చాలు. దుకాణం తెరుచుకుంటుంది, మరక పోతుంది, మధ్యాహ్నానికి ఇద్దరూ మామూలుగా మాట్లాడుకుంటారు. ఆ పిల్ల జన్మంతా దాన్నే నిజంగా మోస్తుంది, తండ్రిని వెనకేసుకొచ్చే మూటలో ఇదొకటి. ఆయన కళ్ళ ముందు అద్దంలో వరసగా అందరూ నిలబడి ఉన్నారు, ఆవగింజంత వాడి దాకా. అందరూ అవునను, అవునను అంటున్నారు.

"వినపడింది" అన్నాడు మాస్టరు.

తోముడు ఆగింది.

"రెండుసార్లూ వినపడింది. అర్జెంటు అన్నదీ వినపడింది."

కూతురు బ్రష్షు పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. అప్పుడు ఆయన వంక చూసింది.

"నాకూ వినపడింది" అంది.

మాస్టరు కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. క్షమించమ్మా అందామనుకుంటే, ఆ మాట కూడా నిన్నటిలాగే ఎవరో వినాలని అంటున్నట్టు ఉంటుందేమోనని భయమేసింది.

"వాళ్ళింటికి వెళ్ళి చెప్తాను" అన్నాడు చివరికి. "కలిపింది నేనని."

"వెళ్తే నేను అబద్ధం చెప్పానని తెలుస్తుంది."

"మరి ఏం చేయను?"

"నాకేం తెలుసు. నిన్న నువ్వు చెప్పమన్నావా ఏంటి, నేనే చెప్పాను." ఆ పిల్ల తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది. "ఎవరి అమ్మాయి అన్నావు కదా. కిందికి దిగుతుంటే నాకు కోపం రాలేదు నాన్నా. నువ్వు అలా అన్నావని ఎవరికైనా తెలిస్తే ఎంత నామోషీ అనిపించింది. అందుకే ఊళ్ళో లేవన్నాను."

సిగ్గు తనదనుకున్నాడు మాస్టరు నిన్నంతా. ఆ సిగ్గు ఆయనకన్నా ముందే ఈ పిల్ల పడింది, ఆయన బదులు, ఆయన ఇంకా ముందు వరసలో పులకరిస్తుండగానే.

కూతురు తువ్వాలు మడిచి పెట్టింది.

"పద. నేనే చెప్తాను. నువ్వు పక్కన ఉండు. మధ్యలో మాట్లాడకు, వేదాంతం అసలొద్దు."

సంగీతం టీచరు ఇల్లు దగ్గరే. భర్త తలుపు తీశాడు. లోపల ఆవిడ కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని వాలుకుర్చీలో ఉంది. మూల తంబూరాకి గలీబు తొడిగే ఉంది. వాపు సగం తగ్గింది గానీ ఆ మొహంతో సాయంత్రం వేదిక ఎక్కలేదని చూడగానే తెలుస్తోంది.

"నిన్న మీతో అబద్ధం చెప్పానండి" అంది అమ్మాయి. "రంగు నేను కలపలేదు. మా నాన్న కలిపారు. ఊళ్ళోనే ఉన్నారు, ఎదురు మేడ మీద. నేను వెళ్ళి పిలిచాను. రాలేదు."

ఒక్కొక్క మాటకీ మాస్టరు తల ఒక్కొక్క అంగుళం దిగింది. ఆ మాటల్లో ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎందుకు రాలేదో ఆ పిల్ల చెప్పలేదు. ఆయనే చెప్పాలని నోరు తెరిచాడు, మధ్యలో మాట్లాడొద్దన్నది గుర్తొచ్చి మూసుకున్నాడు.

భర్త నిన్నటిలా కేకలేస్తాడని మాస్టరు ఎదురుచూశాడు. వేస్తే బాగుండుననుకున్నాడు. ఆయన వేయలేదు. తండ్రి వంక ఒకసారి చూశాడు, చూపు తిప్పుకున్నాడు, కుర్చీ ముందుకు జరిపాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు. "నిన్న నిన్ను చాలా మాటలన్నాను."

అమ్మాయి కూర్చుంది. టీచరు చెయ్యి చాచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. భర్త లోపలికెళ్ళి ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆ పిల్లకిచ్చాడు.

గదిలో ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది. మాస్టరుని ఎవరూ కూర్చోమనలేదు. ఆయన నిలబడే ఉన్నాడు, కూతురి కుర్చీ వెనక, ఆ పిల్ల లేచేదాకా.